లింఫోసైట్ల ఉత్తేజం

రక్తంలో నిద్రాణంగా తిరిగే టి, బి కణాలు తమ గ్రాహకానికి సరిపడే యాంటిజెన్ ఎదురైనప్పుడు మేలుకొని, విభజన చెంది, పోరాట కణాలుగా, జ్ఞాపక కణాలుగా మారే ప్రక్రియ. ఇది ముఖ్యంగా లింఫ్ గ్రంథుల్లో, ప్లీహంలో జరుగుతుంది. కాలికి పుండైతే గజ్జల్లో బిళ్ల కట్టడానికి ఒక కారణం అక్కడ ఈ కణాలు పెరగడమే.

టి కణానికి ఒక్క సంకేతం చాలదు. డెండ్రైటిక్ కణం ఎంహెచ్‌సీ అణువుపై పెట్టి చూపే యాంటిజెన్ పెప్టైడ్ ముక్క మొదటి సంకేతం. అదే కణం మీది బి7 ప్రొటీన్ టి కణపు సీడీ28ను తాకడం రెండోది. రెండోది అందకపోతే టి కణం మొద్దుబారిపోతుంది. సొంత కణజాలంపై దాడి జరగకుండా కాపాడే ఏర్పాట్లలో ఇదొకటి.

బి కణాలకు టి కణాల తోడు ఎంత అవసరమో హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసే టైఫాయిడ్ టీకా టైప్‌బార్-టీసీవీ చక్కగా చూపుతుంది. టైఫాయిడ్ బ్యాక్టీరియా పైపొరలోని వీఐ చక్కెర గొలుసును టి కణాలు గుర్తించలేవు. అందుకే ఆ చక్కెరతోనే చేసిన పాత టీకా రెండేళ్లలోపు పిల్లలకు పనికిరాలేదు, జ్ఞాపకాన్నీ మిగల్చలేదు. కొత్త టీకాలో 25 మైక్రోగ్రాముల వీఐని టెటనస్ టాక్సాయిడ్‌కు అతికించారు. వీఐని పట్టుకున్న బి కణం మొత్తాన్ని మింగి, టెటనస్ ముక్కను పైకి చూపుతుంది. దాన్ని గుర్తించిన సహాయక టి కణం సీడీ40 ద్వారా, సైటోకైన్ల ద్వారా బి కణాన్ని ఉసిగొల్పుతుంది. ఫలితంగా ఆరు నెలల పసివాళ్లకూ రక్షణ దొరికింది. గొప్ప ముందడుగు ఇది. 2017 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనికి ముందస్తు అర్హత గుర్తింపునిచ్చింది.

ఉత్తేజాన్ని అణచాల్సిన సందర్భాలూ ఉన్నాయి. మూత్రపిండ మార్పిడి తర్వాత వాడే టాక్రోలిమస్, టి కణంలో దాని విభజనను పురిగొల్పే ఇంటర్‌ల్యూకిన్-2 తయారీని అడ్డుకుంటుంది.