ఎంగిలి టీ సంచీ, లక్క గాజూ

అమెరికాలో ఉన్న మా అక్క కూతురు పండక్కి ఒక కార్డు పంపింది. వాడి పారేసే టీ సంచీని ఎండబెట్టి, కార్డు మీద అతికించి, రంగులు వేసి, చెమ్కీలూ రాళ్ళూ అద్దింది. "ఎంగిలి టీ సంచీ ఎవరైనా ఇంటికి పంపుతారుటే!" అని మా అత్తగారు ముక్కు మీద వేలేసుకున్నారు. నాకు మాత్రం లాడ్ బజార్ గుర్తొచ్చింది.

టీ సంచీది మరీ పాత చరిత్రేం కాదు. అమెరికాలోని మిల్వాకీలో రాబర్టా లాసన్, మేరీ మెక్‌లారెన్ అనే ఇద్దరు స్త్రీలు, ఒక్క కప్పుకి సరిపడా టీ ఆకు పట్టే గుడ్డ సంచీకి 1903లో పేటెంటు సంపాదించారు. చార్మినార్ దగ్గర ఇరానీ చాయ్‌కి ఈ సంచీల గొడవ లేదు. కానీ కొరగాని వస్తువుని సింగారించే విద్య మాత్రం అక్కడ పాతదే.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినార్ కట్టించాడు. అక్కణ్ణించి పడమటికి పోయే వీధే లాడ్ బజార్. 'లాడ్' అంటే గారాబం అని కొందరూ, లక్క మాటే అలా మారిందని కొందరూ అంటారు. ఏదైతేనేం, గారాబంగా పెంచుకున్న పిల్లకి లక్క గాజులు కొనేది అక్కడే కదా!

ఇంతకీ లక్క అంటే ఏమిటనుకున్నారు? మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల్ని పట్టిన చిన్న పురుగులు తమ ఒంటి చుట్టూ విడిచే జిగురు! పాండవుల్ని కాల్చడానికి కట్టిన ఇల్లూ దీనిదే, మన చిన్నప్పటి లక్కపిడతల మెరుపూ దీనిదే. పాతకాలపు గ్రామఫోను రికార్డుల్లోనూ లక్కే ఉండేది.

ఈ జిగురుని బొగ్గుల సెగ మీద మెత్తబరచి, సన్నగా సాగదీసి, గుండ్రంగా వంచుతారు. వేడి ఆరకముందే అద్దాలూ, రాళ్ళూ, పూసలూ ఒక్కొక్కటే చేత్తో అద్దాలి. చల్లారితే రాయి నిలవదు. తొందరపడితే వేలు కాలుతుంది. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

మా అమ్మాయి పెళ్ళికి అక్కడ గంటసేపు బేరమాడి వంద రూపాయలు తగ్గించాను. గెలిచానని మురిసిపోతూ సందులోకి తిరిగితే, ఒక గడపలో సెగ ముందు కూర్చుని ఒకావిడ రాళ్ళు అద్దుతోంది. వేళ్ళ కొసలు కాయకట్టి నల్లబడి ఉన్నాయి. నేను తగ్గించిన వంద ఎవరి కూలిలోంచి పోయిందో అప్పుడు తట్టింది. వెనక్కి వెళ్ళి ఇచ్చానా అంటే, లేదు. ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది. తర్వాత మాత్రం గాజుల దగ్గర బేరం మానేశాను.

ఆ కార్డు ఇప్పుడు మా అద్దాల బీరువాలో లక్క గాజుల పక్కనే ఉంది. నిన్న మా అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని మరీ చూస్తున్నారు.

"రాళ్ళు వరస తప్పకుండా అంటించిందే పిల్ల!" అన్నారు.

టీ సంచీ ఊసు ఎత్తలేదు.