టకోవా కట్ట తెగిన రాత్రి

1977 నవంబరు 6. అర్ధరాత్రి దాటి గంటన్నర. అమెరికాలో జార్జియా రాష్ట్రం, టకోవా ఫాల్స్ బైబిల్ కాలేజీ.

నాలుగు రోజులుగా ముసురు. ఏడంగుళాల దాకా వాన పడింది. వాగు ఒడ్డున పల్లంలో ఇళ్లు, పెళ్లయిన విద్యార్థులు కాపురముండే ట్రెయిలర్లు. పిల్లలంతా గాఢనిద్రలో ఉన్నారు. వాగు పొంగుతుందేమోనని కాలేజీ అగ్నిమాపక వలంటీర్లు కొందరు మాత్రం మేలుకుని తిరుగుతున్నారు.

వాళ్ల భయం వాగు గురించే. కానీ పైన, 186 అడుగుల జలపాతానికి అవతల ఉన్న కెల్లీ బార్న్స్ చెరువుకు గండి పడింది.

నీళ్లు కొండ మీంచి ఒక్కసారిగా దూకాయి. ఉధృతి 24 వేల క్యూసెక్కులు. చెట్లు, కార్లు, ట్రెయిలర్లు కలిసి కొట్టుకుపోయాయి. తెల్లారి లెక్క తేలేసరికి 39 మంది లేరు. వాళ్లలో 20 మంది పిల్లలు.

కట్ట ఏమంత పెద్దది కాదు. ఎత్తు 38 అడుగులు, పొడవు 400. 1899లో రాళ్లు పేర్చి కట్టినదాని మీదే, కరెంటు కోసం తర్వాత మట్టి పోసి ఎత్తు పెంచారు. 1957లో కరెంటు తీయడం ఆగిపోయింది. అప్పట్నుంచి అది చేపలు పట్టుకోవడానికి, సరదాగా గడపడానికి పనికొచ్చే చెరువు. పని ఆగిన కట్టను కనిపెట్టుకుని ఉండే మనిషి లేడు.

కట్ట మాత్రం చెబుతూనే ఉంది. నీళ్లులేని వైపు వాలు దాదాపు నిట్టనిలువు. దాని నిండా చెట్లు, తుప్పలు. మట్టి జారినా, ఊట కారినా ఆ పొదల చాటున కంటికి ఆనదు. చెట్టు కూలితే వేరుతోపాటు మట్టీ పెళ్లగిల్లుతుంది. వేరు చివికితే ఆ సందు నీటికి దారవుతుంది. 1973లో తీసిన ఒక ఫొటోలో ఆ వాలు మీద మట్టి జారిన చోటు స్పష్టంగా కనిపిస్తుంది. అప్పటికింకా నాలుగేళ్ల వ్యవధి ఉంది.

దర్యాప్తు బృందం ఫలానా కారణమని ఒక్కదాన్నే పట్టి చూపలేకపోయింది. నిలువు వాలు విరిగిపడటం, లోపలి ఊట, నానిన మట్టి అన్నీ తోడై ఉంటాయంది.

ఇలాంటి కట్టలను తనిఖీ చేయాలన్న చట్టం 1972 నుంచే ఉంది, నిధులే లేవు. టకోవా తర్వాత, స్వయానా జార్జియావాడైన అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ తనిఖీలకు ఆదేశించారు. 1981 నాటికి దాదాపు 9 వేల కట్టలు చూస్తే, ఇంచుమించు మూడో వంతు సురక్షితం కాదని తేలింది. తెగితే కింద ప్రాణాలు పోయే కట్టలనే ఆ తనిఖీకి ముందుగా ఎంచారు.