మాటు వేసిన చేతులు: కపిల బాన నుండి జీపు హీటరు దాకా



నీళ్లు కారిపోతుంటే ఆపడం ఎలాగన్నది కోయంబత్తూరు సీమలో మనవాళ్లకు తరతరాల చింత. ఆ జిల్లా మైదానం కొండల చాటున పడిన నేల. పడమటి వానలను నీలగిరులు, ఆనైమలై కొండలు అడ్డగించేస్తాయి. విజయనగర కాలంలోను, ఆ తర్వాత మదుర నాయకుల ఏలుబడిలోను ఇటు తరలివచ్చిన తెలుగు కుటుంబాలలో సేద్యగాళ్లున్నారు, నేతగాళ్లున్నారు, తోలుపని వాళ్లున్నారు. తిరుమల నాయకుడు మదురలో మహలు కట్టించిన సంగతి (ఆయన ఏలినది 1623 నుండి 1659 వరకు) పాఠ్యపుస్తకాలలో ఉంది. బావి దగ్గర కపిల తోలినవాడి సంగతి ఏ పుస్తకంలోనూ అంతగా కనబడదు. ఈనాటి ప్రసంగం ఆ రెండోవాడి గురించి. అతని పనితనానికి చుట్టమైన మరో పనిని, అంటే పాత జీపులో కారే హీటరుకు మాటు వేయడాన్ని కూడా దీనితో కలిపి చెబుతాను.

కపిలను చూసినవాళ్లు ఇప్పుడు తక్కువ. లోతైన బావి, గట్టున గిలక, గిలక మీద మోకు, మోకు చివర బాన. బానకు అడుగున తోలు తొండం. ఎడ్లు ఏటవాలు బాట వెంబడి దిగుతుంటే బాన పైకి వస్తుంది. పైకి రాగానే తొండం తెరుచుకుని నీరు కాలువలోకి దూకుతుంది. తొండం కుట్టు వదిలిందా, సగం నీరు తిరిగి బావిలోకే. ఎడ్ల చాకిరీ వృథా, మడి ఎండు. ఆ తోలును పదును చేసి, కోసి, నీరు జారకుండా కుట్టినవారు అరుంధతియార్లు. కొంగునాడులో వారిలో చాలామంది ఇంటి మాట నేటికీ తెలుగే. ఊరి పంట వారి సూది మీద ఆధారపడి ఉండేది. అయినా వారిని ఊరి వెలుపలే ఉంచారు. ఈ మాట దాచి చరిత్ర చెప్పడం నాకు ఇష్టం లేదు.

1932లో పైకారా జలవిద్యుత్తు వచ్చింది. మిల్లులు పెరిగాయి, బావుల మీద కరెంటు మోటార్లు వెలిశాయి. 1937లో జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు కలిసి కోయంబత్తూరులోనే విద్యుత్ మోటారు తయారు చేశారు. పంపుసెట్లకు ఆ ఊరు దేశమంతటా పేరు పడింది. తెలుగువారిగా మనం దీన్ని గొప్పగానే చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. అయితే అదే పంపు తోలు తొండానికి పని లేకుండా చేసింది. కుట్టుపని పోయిన కుటుంబాలలో ఎన్నో పట్టణాల పారిశుధ్యపు పనిలోకి వెళ్లవలసి వచ్చింది. ఒకే భాష మాట్లాడే రెండు ఇళ్లలో, ఒక ఇంటికి కరెంటు భాగ్యం తెచ్చింది. రెండో ఇంటికి చేతిలోని విద్యను పోగొట్టింది.

ఇక మోటారు బండ్ల సంగతి. జి.డి. నాయుడు 1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్ గ్రామంలో పుట్టారు. బడి చదువు మీద ఆయనకు మనసు నిలవలేదు. మా ఉపాధ్యాయ వృత్తివాళ్లు ఇది ఏమంత గర్వంగా చెప్పుకునే విషయం కాదు. ఒక తెల్లదొర మోటారు సైకిలు చూసి, అది కొనడానికి హోటలులో పనికి కుదిరి, మూడు వందల రూపాయలు కూడబెట్టారట. కొన్న బండిని ఎక్కి ఊరేగలేదు, విప్పి చూశారు. 1920లో రాబర్టు స్టేన్స్ దొర సాయంతో పొళ్లాచ్చి, పళని మధ్య ఒక బస్సు నడిపారు. అదే పెరిగి యు.ఎం.ఎస్. అయింది. మదురలో అప్పటికే తమిళ కుటుంబం వారి టి.వి.ఎస్. బస్సులు నడుస్తున్నాయి. ఈ రెండు ఊళ్ల బస్సు షెడ్లే దక్షిణాదిలో ఎందరికో మోటారు బడులు. విడిభాగం సీమ నుండి ఓడలో రావాలి. అది వచ్చేదాకా బండి ఆగితే కూడు ఆగుతుంది. కాబట్టి ఉన్నదాన్నే బాగుచేయాలి. రెండో ప్రపంచయుద్ధంలో పెట్రోలు దొరకనప్పుడు బొగ్గు గ్యాసుతో బస్సులు నడిపినవారికి రేడియేటరు చిల్లు ఒక లెక్కా?

జీపు యుద్ధంతోపాటు వచ్చిన బండి. 1941 నుండి అమెరికాలో విల్లీస్, ఫోర్డు కంపెనీలు ఆరు లక్షలకు పైగా తయారు చేశాయి. మన దేశంలో 1947లో మహీంద్రావారు విడిభాగాలు తెప్పించి జీపులు బిగించడం మొదలుపెట్టారు. నాలుగు చక్రాలకూ లాగుడు ఉన్న ఈ బండి కొండ ఎస్టేట్లకు సరిగ్గా సరిపోయింది. మేట్టుపాళయం నుండి ఊటీకి దూరం యాభై కిలోమీటర్ల చిల్లర. ఎత్తు మాత్రం దాదాపు 1,900 మీటర్లు పెరుగుతుంది. ఊటీ ఎత్తులో నీరు నూరు డిగ్రీలకు కాదు, సుమారు 92, 93 డిగ్రీలకే మరుగుతుంది. మైదానంలో బాగానే ఉన్న రేడియేటరు కొండెక్కేసరికి కుతకుతలాడటానికి ఇదీ ఒక కారణం.

హీటరు అంటే ఏదో కరెంటు పొయ్యి అనుకుంటారు కొందరు. అది బుల్లి రేడియేటరు, అంతే. ఇంజనులో కాగిన నీరు రెండు రబ్బరు గొట్టాల ద్వారా డ్యాష్‌బోర్డు వెనక ఉన్న ఈ డబ్బాలోకి వచ్చి పోతుంది; చిన్న ఫ్యాను దాని వేడిని లోపలికి ఊదుతుంది. కోయంబత్తూరు ఎండలో దాన్ని తలచేవారుండరు. జనవరి తెల్లవారుజామున ఊటీలో మంచు పేరుకున్నప్పుడు తెలుస్తుంది దాని విలువ.

ఇది కారుతోందని ఎలా తెలుస్తుంది? బండి కింద నేల పొడిగానే ఉంటుంది, రేడియేటరులో నీరు మాత్రం తగ్గుతుంటుంది. కాళ్ల దగ్గర చాప తడుస్తుంది. ముందు అద్దం లోపలివైపు ఆవిరి పడుతుంది, తుడిస్తే జిడ్డు. కూలెంటు పోసిన బండైతే తియ్యటి వాసన వస్తుంది. ఆ తీపి విషం. పిల్లలను, పశువులను దగ్గరికి రానీయకూడదు.

పాత పనివాడు మొదట గొట్టాల క్లిప్పులు చూస్తాడు. తప్పు అక్కడే ఉంటే బిగిస్తే సరిపోతుంది. లేకపోతే ఇంజను పూర్తిగా చల్లారాకే మూత విప్పి, నీరు దించి, హీటరు డబ్బా బయటికి తీస్తాడు. ఒక నోరు మూసి, రెండో నోట కొద్దిపాటి గాలి పట్టి నీళ్ల తొట్టిలో ముంచుతాడు. బుడగలు వచ్చినచోట గుర్తు పెడతాడు. గాలి ఎక్కువ పట్టిస్తే ఒక చిల్లు రెండవుతుంది. తర్వాత చిలుము గీకి, మెరుపు తేలేదాకా శుభ్రం చేసి, ద్రావకం రాసి, కాల్చిన కడ్డీతో టంకం పరుస్తాడు. ఇది మన ఇత్తడి చెంబుకు మాటు వేసినట్టే. చిల్లు నడిమి గొట్టంలో ఉండి కడ్డీ అందకపోతే ఆ ఒక్క గొట్టాన్ని రెండు చివరలా మూసేస్తాడు. వేడి కాస్త తగ్గుతుంది, బండి నడుస్తుంది. చివర ద్రావకాన్ని బాగా కడిగేయాలి, లేకపోతే అదే లోహాన్ని తినేస్తుంది. సీసం కలిసిన టంకం పొగ పీల్చకూడదన్న మాటను ఆ రోజుల్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. దాని ఫలితం ఆ చేతులే అనుభవించాయి.

దారిలో కారితే రేడియేటరులో పసుపు పోయడం మన డ్రైవర్ల చిట్కా. పనిచేస్తుంది, కాసేపు. కానీ హీటరు గొట్టాలు సన్నం కనుక ఆ ముద్ద ముందుగా వాటిలోనే చేరి కూర్చుంటుంది. చిట్కా చేసిన మేలు కన్నా చేటే ఎక్కువ.

ఇత్తడి, రాగి ఉన్నంతకాలం మాటుకు చోటుంది. ఇప్పటి బండ్లలో అల్యూమినియం జాలీ, దానికి నొక్కి బిగించిన ప్లాస్టిక్ పెట్టె. వాటి మీద టంకం నిలవదు. పాతది తీసి కొత్తది పెట్టడమే. పాత జీపుకు కొత్త హీటరు దొరకకపోతే ఇంజను దగ్గర ఆ రెండు గొట్టాలనూ ఒక ఇనుప ముక్కతో కలిపేస్తారు. నీరు హీటరు జోలికి పోకుండా తిరిగి ఇంజనులోకే వెళుతుంది. ఇంజనుకు ఏ హానీ లేదు. ఎక్కినవారు మాత్రం శాలువా కప్పుకోవాలి.