దాల్చినచెక్క బిళ్లల పూర్వకథ

అమెరికా దేశమున పిల్లలుగల యిండ్లలో తల్లులు తఱచుగాఁ జేయు తినుబండార మొకటి కలదు. వెన్నను పంచదారను బాగుగా మెదిపి, గ్రుడ్డును గోధుమపిండిని కలిపి, పెద్ద యుసిరికాయలంత యుండలు కట్టి, దాల్చినచెక్కపొడి కలిపిన పంచదారలోఁ బొరలించి, ఓవెనను పొయ్యిపెట్టెలో పది నిమిషములు కాల్తురు. ఉండ కరగి బిళ్ల యగును, పైని సన్నని బీటలు వాఱును, ఇల్లంతయు ఘుమఘుమలాడును. దీనిని స్నికర్‌డూడిల్ అందురు. మనుమలు ఆ దేశమునఁ బెరుగుచుండుటచే మీలోఁ గొంద ఱీపేరు వినియే యుందురు. ఇందలి చెక్కకును చక్కెరకును మన తీరముతో సంబంధము గలదు గావున నీ ప్రసంగమునకుఁ బూనితిని.

దాల్చిని యనుమాట పారసీకము. చీనా మ్రాను అని యర్థము. మన పెద్దలు లవంగపట్ట యనిరి. పేరెట్లున్నను మేలైన చెక్కకుఁ బుట్టిల్లు సింహళము. అది కాగితమువలెఁ బలుచనై, ఒకదానిలో నొకటి దూర్చిన గొట్టములుగా నుండును. నేఁడు మన యంగళ్లలో దొరకు దళసరి చెక్క చాలవఱకు వేఱొక జాతిది. అమెరికాలోని బిళ్లలకును ఎక్కువగా నదియే.

క్రీస్తునకు పూర్వ మైదవ శతాబ్దమున హెరొడోటసను యవన చరిత్రకారుఁడు వ్రాసిన వింత వినుఁడు. పెద్దపక్షులు ఈ పుల్లలను దెచ్చి కొండకొమ్ములపై గూళ్లు కట్టుననియు, అరబ్బులు ఎద్దుమాంసపు ఖండములను క్రింద నుంచఁగా పక్షులు వానిని మోసికొనిపోవుననియు, ఆ బరువునకు గూళ్లు విఱిగి చెక్క రాలుననియు నాతఁ డనెను. పుట్టుచోటు తెలియనంతకాలము వర్తకుఁడు చెప్పినదే వెల!

1505లో బుడతకీచులు సింహళము చేరిరి. వారిని వెడలఁగొట్టుటకై కండిరాజు రెండవ రాజసింహుఁడు 1638లో వలందులతో నొడంబడిక చేసికొనెను. 1656లో కొలంబో పడెను. కోటను మాత్రము వలందులు రాజున కీయలేదు. అల్లమిచ్చి మిరపకాయ కొన్నట్లయినదని సింహళీయుల సామెత. ఈ వలందులు మనకుఁ గ్రొత్తవారు కారు. 17వ శతాబ్దారంభముననే బందరు చేరి, పాలకొల్లు, భీమునిపట్టణము మొదలగు చోట్ల కొట్లు పెట్టి మన నేఁతగుడ్డలు కొనిరి; వానినే తూర్పుద్వీపములలో నిచ్చి సుగంధద్రవ్యములు గొనిరి. బందరులోని వలందపాలెము వారి పేరిటిదే.

సింహళమునఁ జెక్క యొలుచుట సలాగములను కులమువారి వృత్తి. వారు దక్షిణహిందూస్థానమునుండి వచ్చిన సాలెవారి సంతతియని యైతిహ్యము. లేఁతకొమ్మలు నఱికి, పైతోలు గీకి, ఇత్తడికడ్డీతో రుద్ది, లోపట్ట యొలిచి, నీడ నారఁబెట్టుదురు. చేతిపని చూడ ముచ్చటయే. కాని కుంపిణీ కాలమున మగవాఁ డింతచెక్క యీయవలెనని తలపన్నువలె విధించిరి. కొందఱు కండిరాజ్యమునకుఁ బాఱిపోయిరి. దొంగతనముగాఁ జెక్క యమ్మిన మరణదండన. ఇది యడవిచెట్టు బెరడునకు!

1796లో కొలంబో ఆంగ్లేయుల వశమయ్యెను. ఆ సంవత్సరముననే అమెరికాలో అమీలియా సిమ్మన్సను నామె తొలి అమెరికన్ పాకశాస్త్రగ్రంథమును అచ్చువేయించెను. అందుఁ గుకీలు కలవు. కుకీ యనఁగా వలందుల భాషలోఁ జిన్న రొట్టె. నేఁటి న్యూయార్కు 1664 వఱకు వారి న్యూ ఆమ్‌స్టర్‌డామే గదా! ఊరు పోయినను మాట నిలిచినది.

ఇఁకఁ జక్కెర. మన శర్కరయే పారసీకులకు షకర్, అరబ్బులకు సుక్కర్, ఆంగ్లేయులకు షుగరు అయ్యెను. చెఱకు నఱికి జాగుచేసినచో రసము చెడునని బెల్లము వండు మీకు నేను చెప్పనేల? అందుచేతనే అమెరికా ఖండపు దీవులలో, కోఁతకాలమున, ఆఫ్రికానుండి కొనితెచ్చిన బానిసలచే రాత్రింబవళ్లు గానుగలు నడిపించిరి. నిద్రమత్తులో చేతులు గానుగపాలైనవా రెందఱో. 1833లో ఆంగ్లరాజ్యమున దాస్యము రద్దు చేయు శాసన మయ్యెను. తోటలవారికిఁ జేతులు కావలసివచ్చెను. వారి కన్ను మనపైఁ బడెను.

ట్రూరో యను నోడ 1860 నవంబరు 16వ తేదీని మదరాసునుండి డర్బను చేరెను. అరవవారితోఁ బాటు తెలుఁగువారు నందుండిరి. ఐదేండ్ల యొప్పందము, మొదటియేఁట నెలకు పది షిల్లింగులు, పని చెఱకుతోటలలో. మారిషసునకు మనవా రంతకు ముందే పోయిరి. ఒప్పందపుఁ గాగితముపై వ్రేలిముద్ర వేసినవారిలో ఆ కాగితము చదువఁగలవా రెందఱని నా ప్రశ్న. ఈ కూలీల యెగుమతి 1917లోఁ గాని నిలువలేదు.

మారిషసులోఁ దెలుఁగువారిని కోరంగీలనిరి. ఆ కోరంగి, 1839 నాఁటి తుపానునఁ బాడుపడిన మన గోదావరీముఖపు రేవే. వారి సంతతివారు నేఁటికిని అచట ఉగాది చేసికొనుచున్నారు. ఆ దేశమున నది ప్రభుత్వపు సెలవుదినము.