అద్దాల షోరూమ్ అసలు కథ: లండన్ తోట నుంచి కరీంనగర్ మెయిన్ రోడ్డు దాకా

కరీంనగర్ అయినా ఆదిలాబాద్ అయినా, కొత్తగా పెద్ద షోరూమ్ వస్తుందంటే ముందు భాగం అద్దమే అన్నట్టుంది ఇప్పుడు. చూడటానికి సూపర్ ఉంటుంది, కాదనను. కానీ మే నెలలో 45 డిగ్రీలు దాటే ఊళ్లు మనవి. ఈ డిజైన్ ఎక్కడ పుట్టిందో ఒకసారి చూద్దాం.

1851, లండన్. హైడ్ పార్క్‌లో ఒక భారీ ఎగ్జిబిషన్. దాని కోసం ఇనుము, గాజుతో క్రిస్టల్ ప్యాలెస్ కట్టారు. దాదాపు 3 లక్షల గాజు పలకలు పట్టాయి. గీసింది జోసెఫ్ ప్యాక్స్‌టన్. ఆయన వృత్తిరీత్యా తోటమాలి! చలికి మొక్కలు చావకుండా గాజు ఇళ్లు కట్టిన అనుభవమే ఇక్కడ వాడాడు. అంటే ఇది పెద్ద గ్రీన్‌హౌస్ అన్నమాట.

గ్రీన్‌హౌస్ పని ఏంటి? ఎండను లోపలికి రానిచ్చి, వేడిని బయటికి పోనివ్వకపోవడం. ఎండలో ఆపిన కారు డోర్ తీయగానే ముఖానికి సెగ కొడుతుంది కదా, అదే. లండన్ ఎండకే క్రిస్టల్ ప్యాలెస్ కప్పు మీద గుడ్డ పరచాల్సి వచ్చింది!

1959లో ఇంగ్లండ్‌కు చెందిన పిల్కింగ్టన్ కంపెనీ ఫ్లోట్ గ్లాస్ పద్ధతిని ప్రకటించింది. కరిగిన తగరం మీద గాజును తేలించి, పెద్ద పెద్ద నున్నని అద్దాలు తక్కువ ఖర్చుతో చేయొచ్చు. 2006లో న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూలో యాపిల్ గాజు క్యూబ్ పెట్టాక, ఆ లుక్ ప్రపంచమంతా పాకింది. కానీ ఒక విషయం గమనించండి. ఆ క్యూబ్ ఎంట్రెన్స్ మాత్రమే. అసలు స్టోర్ నేల కింద ఉంది!

మరి మన దగ్గర? 1908 మూసీ వరదల తర్వాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు హైదరాబాద్‌లో పత్థర్‌గట్టి బజార్ కట్టింది. ముందు రాతి కమానులు, వాటి కింద నీడలో నడిచే దారి, ఆ వెనక దుకాణాలు. ఎండ దుకాణం దాకా రాకముందే ఆగిపోతుంది. మన పాత ఇళ్ల ముందు అరుగు, దాని మీదికి వాలిన పెంకుల కప్పు చేసిన పని కూడా ఇదే.

అద్దం వద్దని నేననడం లేదు. ప్లాన్‌లో ముందు దిక్కు చూడాలంటున్నా. ఉత్తరం వైపు అద్దం పెద్దగా ఉన్నా ఇబ్బంది తక్కువ. దక్షిణం ఎండను సజ్జా ఆపుతుంది. పడమటి ఎండ సాయంత్రం వాలుగా వస్తుంది, దాన్ని సజ్జా ఆపలేదు. అక్కడ కమానులో, నిలువు పలకలో, చెట్లో కావాలి. 2017 నాటి ఎనర్జీ కన్జర్వేషన్ బిల్డింగ్ కోడ్ కూడా పెద్ద కమర్షియల్ బిల్డింగులకు, మామూలు పద్ధతిలో, గోడలో అద్దం వాటా 40 శాతం దాటొద్దంటుంది.

ఎందుకింత చెప్తున్నానంటే, మనం పది నిమిషాలు చూసి వెళ్లిపోతాం. ఆ అద్దం పక్కన రోజంతా నిలబడేది సేల్స్‌లో పనిచేసే అక్కలు, అన్నలు. ఏసీ ఆగితే ఆ సెగ ముందు వాళ్లకే. ఈసారి సాయంత్రం నాలుగింటికి పడమర ముఖం షోరూమ్‌కి వెళ్తే, లోపలి నుంచి ఆ అద్దం మీద ఒక్కసారి చెయ్యి పెట్టి చూడండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.