బ్రిటిష్ చలనచిత్ర సంగీత పరిరక్షణ
బ్రిటిష్ చలనచిత్ర సంగీత పరిరక్షణ అనగా పాత బ్రిటిష్ చిత్రాల నేపథ్య సంగీతపు స్వరలిపి ప్రతులను, ధ్వనిముద్రణలను సేకరించి, పునరుద్ధరించి, తిరిగి విడుదల చేయుట. చిత్రం విడుదలైన పిమ్మట అవసరం లేదని భావించి పారవేసినందున అనేక స్వరలిపి ప్రతులు నశించాయి.

పునర్నిర్మాణం: ప్రతి లభించనప్పుడు చిత్రాన్ని పదేపదే విని, సంభాషణల మాటున వినిపించే స్వరాలను గుర్తించి తిరిగి వ్రాయవలసి ఉంటుంది. స్వరకర్త ఫిలిప్ లేన్ ఈ పద్ధతిలో అనేక చిత్రాల సంగీతాన్ని పునర్నిర్మించాడు. వీటిలో కొన్నింటిని చాందోస్ సంస్థ విడుదల చేసింది.

ఉదాహరణ: బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్ (1969) చిత్రానికి విలియం వాల్టన్ కూర్చిన సంగీతాన్ని తిరస్కరించి, రాన్ గుడ్విన్ చేత కొత్తగా వ్రాయించారు. వాల్టన్ సంగీతంలో ఒక్క గగనయుద్ధ ఘట్టం మాత్రమే చిత్రంలో నిలిచింది. ధ్వనిముద్రణ ఇంజనీరు టేపులను దాచి ఉంచినందువలన ఆ ధ్వనిముద్రణలోని మిగిలిన భాగం దశాబ్దాల తరువాత శ్రోతలకు లభించింది.