వెన్నపండు, ఒరుగులు, జొన్న పాతర

పోయిన శనివారం ఒక గంటసేపు అవకాడోలు కోస్తూ కూచున్నాను. బెంగళూరులో జ్యూసు అంగడివాళ్ళు బటర్ ఫ్రూట్ అంటారు, కన్నడంలో బెణ్ణె హణ్ణు, మన మాటలో వెన్నపండు. చవగ్గా ఉన్నాయి కదా అని డజను తెచ్చాను. నాలుగు రోజులు రాళ్ళలా కదలకుండా ఉండి, ఐదో రోజు అన్నీ కూడబలుక్కున్నట్టు ఒక్కసారే పండాయి. ఈ కాయతో వచ్చే చిక్కే అది. చెట్టు మీద ఉన్నంతకాలం పండదు, కోసిన తర్వాతే మెత్తబడుతుంది. మెత్తబడ్డాక మనకిచ్చే గడువు రెండు మూడు రోజులే.

సరే, ఫ్రీజర్లో పెట్టేద్దాం అనుకున్నాను. ముక్కలుగా పెడితే లాభం లేదు. లోపలి నీరు గడ్డకట్టి పలుకులు పలుకులుగా మారి కణాల గోడల్ని చీలుస్తుంది, తీరా బయటికి తీస్తే ముద్ద ముద్దగా నీరు కారుతుంది. అందుకని గుజ్జు తీసి, మెదిపి, నిమ్మరసం పిండి, కవర్లో పలచగా పరిచి, గాలంతా బయటికి నొక్కేసి పెట్టాలి. గాలి తగిలితే పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము దాన్ని నల్లగా చేసేస్తుంది, నిమ్మకాయ పులుపు ఆ పనికి అడ్డం పడుతుంది. మైనస్ 18 డిగ్రీల దగ్గర నాలుగు నెలలు నిక్షేపంగా ఉంటుంది. చట్నీకో, రొట్టె మీద పూసుకోవడానికో బాగుంటుంది, సలాడ్ ముక్కలకి మాత్రం పనికిరాదు.

ఇదంతా వీడియో కాల్లో చూస్తున్న మా అమ్మ, "ఏందిరా అది, ఒరుగులు పెడతాండావా?" అంది.

నవ్వేశాను గానీ, తర్వాత ఆలోచిస్తే ఆ మాట అక్షరాలా నిజం.

మాది ఆదోని. ఎండాకాలం సెలవులకి ఎమ్మిగనూరులో మా అవ్వ దగ్గరికి పోయేవాళ్ళం. ఏప్రిల్ వచ్చిందంటే మిద్దె మీద కాలు పెట్టడానికి సందుండేది కాదు. గోరుచిక్కుళ్ళు, వంకాయ ముక్కలు, ఉప్పు రాసిన టమోటా చెక్కలు, మజ్జిగలో ఊరబెట్టిన మిరపకాయలు, అన్నీ ఈతచాపల మీద ఆరేసి ఉండేవి. "ఎండ ఊరికే పోతాంది, ఏదన్నా ఎండేయండే" అని కోడళ్ళని తరుముతుండేది అవ్వ. కరెంటు బిల్లు లేని ఫ్రీజరు అది. సూత్రం కూడా ఒకటే. పాడుచేసే సూక్ష్మజీవులకి నీళ్ళు కావాలి. ఫ్రీజరు ఆ నీటిని గడ్డకట్టించి అందకుండా చేస్తుంది, ఎండ ఆ నీటిని లాగేస్తుంది.

ఈ రెండిటినీ కలిపిన ఘనులు ఆండీస్ కొండల్లోని రైతులు. ఆలుగడ్డల్ని రాత్రి గడ్డకట్టే చలిలో, పగలు ఎండలో మార్చి మార్చి పెట్టి, కాళ్ళతో తొక్కి నీళ్ళు పిండేసి 'చూన్యో' అనే ఒరుగు చేస్తారు. ఏళ్ళ తరబడి ఉంటుంది. ఇంకా రాజులు దాన్ని కొండవాలు గిడ్డంగుల్లో నింపి పెట్టుకునేవాళ్ళు. ఇప్పటి ఫ్రీజరు కథ దీని ముందు నిన్న మొన్నటిది. క్లారెన్స్ బర్డ్స్ఐ అనే అమెరికన్ 1912లో లాబ్రడార్ వెళ్ళి, అక్కడి ఇనూయిట్లు పట్టిన చేప క్షణాల్లో గడ్డకట్టడం, కరిగాక కూడా తాజాగా ఉండడం గమనించాడు. త్వరగా గడ్డకడితే మంచు పలుకులు చిన్నవిగా ఉంటాయి, కణాలు చీలవు. అదీ రహస్యం. 1930లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ అంగళ్ళలో ఆ సరుకు అమ్మకానికొచ్చింది.

మరి మన దగ్గర? ఒరుగులు ఆడవాళ్ళ శాస్త్రమైతే, పాతర ఊరి మొత్తం శాస్త్రం. నల్లరేగడి నేలల్లో జొన్న పండే ఈ ప్రాంతంలో, గట్టి నేల చూసి మనిషి లోతుకు మించి గుంత తవ్వేవాళ్ళు. లోపల గడ్డి పరిచి, జొన్నలు పోసి, మళ్ళీ గడ్డి వేసి, మట్టితో మూసేసేవాళ్ళు. గింజలు కూడా ఊపిరి పీలుస్తాయి కదా, మూసిన గుంతలో ప్రాణవాయువు తగ్గిపోయి బొగ్గుపులుసు గాలి నిండుతుంది, పురుగు చస్తుంది. అందుకే పాతర తెరిచిన వెంటనే దిగకూడదు. దీపం దించి చూసి, అది ఆరకుండా ఉంటేనే మనిషి దిగాలి. గాలి చొరబడని సంచుల్లో ధాన్యం దాచమని ఇవాళ శాస్త్రవేత్తలు ఆఫ్రికా రైతులకి చెప్తున్నదీ ఇదే సూత్రం.

ఇంత తెలివి ఉన్న నేల మరి కరువులకి ఎందుకు అంతగా బలైపోయింది?

ఆదోని ప్రాంతం 1800లో నిజాం చేతి నుంచి కుంపిణీకి పోయింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రంలో కలిసే దాకా బళ్ళారి జిల్లాలోనే ఉండేది. శిస్తు డబ్బు రూపంలో కట్టాలి. డబ్బు కావాలంటే పంట ఇంటికి రాగానే అమ్మాలి, లేదా జొన్న మానేసి పత్తి పెట్టాలి. పైగా అప్పులవాడు కళ్ళం దగ్గరే కాచుకుని ఉంటాడు. పాతర తవ్వే విద్య పోలేదు, అందులో పోయడానికి గింజలు మిగలకుండా పోయాయి. నేను అర్థం చేసుకున్నది ఇదీ.

1871లో మద్రాసు నుంచి రాయచూరు దాకా ఆదోని మీదుగా రైలు కూడా వచ్చేసింది. అయిదేళ్ళకి ధాత కరువు. 1876-78 మధ్య బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు దారుణంగా దెబ్బతిన్నాయి. 1871, 1881 లెక్కల మధ్య కర్నూలు జిల్లా జనాభా సుమారు నాలుగో వంతు తగ్గింది. 1877 మొదట్లో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనికి వచ్చిన మగవాడికి ఖరారు చేసిన కూలి రోజుకి ఒక పౌను ధాన్యం, అంటే 450 గ్రాములు, పైన ఒక అణా. ఆ ఏళ్ళలోనే మన దేశం నుంచి ఇంగ్లండుకి గోధుమలు ఓడలెక్కుతూనే ఉన్నాయి. 1833లోనే బోస్టన్ నుంచి మంచుగడ్డలు ఓడలో కలకత్తా చేరాయి. మద్రాసు సముద్రం ఒడ్డున వాటిని దాచడానికి కట్టిన ఐస్ హౌస్ ఇప్పటికీ ఉంది. దొరల గ్లాసులోకి సగం భూమి చుట్టి మంచు కరగకుండా వచ్చిన కాలం అది. కాబట్టి తిండి దాచే, మోసే తెలివి లేక జనం చచ్చారంటే నేనొప్పుకోను.

ఇది పాత కథ అనుకుంటున్నారేమో. మా మేనమామది పత్తికొండ వైపు ఊరు. ఒక ఏడాది టమోటా ధర ఎంత పడిపోయిందంటే, మార్కెట్టుకి తీసుకెళ్ళిన ఆటో బాడుగ కూడా రాలేదు. గంపలు రోడ్డు పక్కన బోర్లించి ఇంటికొచ్చి, ఎవరితో మాట్లాడకుండా పడుకున్నాడు. అదే టమోటా 2023 జులైలో నగరాల్లో కిలో వంద రూపాయలు దాటింది. 2018 బడ్జెట్లో కేంద్రం టమోటా, ఉల్లి, ఆలుగడ్డల కోసం 500 కోట్లతో ఆపరేషన్ గ్రీన్స్ ప్రకటించింది. ఆ తర్వాత కూడా మా వైపు టమోటాలు రోడ్డున పడుతూనే ఉన్నాయి.

"ఒరుగులు పెట్టుకోవచ్చు కదా మామా" అన్నాను తెలివిగా. "ఇంట్లోకి ఒరుగులు పెడతాం గానీ, అప్పుకి ఒరుగులు పెడతామేందిరా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

దాచడం అంటే నిజానికి ఆగగలగడం. నేను డజను వెన్నపండ్లు నాలుగు నెలలు ఆపగలను, ఎందుకంటే నాకు నెల జీతం వస్తుంది. ఆగలేనివాడికి ఫ్రీజరిచ్చినా పాతర తవ్విచ్చినా ఉపయోగం తక్కువ. ఎమ్మిగనూరు చేనేతవాళ్ళకి ఒకప్పుడు ఇదే బాధ. నూలు అప్పుకి తెచ్చి, బట్టని అడిగిన ధరకి ఇచ్చేయడం. 1938లో మాచాని సోమప్ప గారు పెట్టిన సహకార సంఘం వాళ్ళకి నూలిచ్చి, నేసిన బట్ట తీసుకుంది. సంఘం నేతగాడికి ఇచ్చింది కాస్త ఆగే ఓపిక. టమోటా రైతుకి కావాల్సింది కూడా, నా మటుకు నాకు, అదే అనిపిస్తుంది. ఊరి దగ్గరే ఎండబెట్టే షెడ్డు, శీతల గిడ్డంగి, వాటి మీద రైతులకే అధికారం, సరుకు అక్కడున్నంతకాలం ఇల్లు గడవడానికి దాని మీద కొంత డబ్బు. మూడోది లేకపోతే మొదటి రెండూ మళ్ళీ వ్యాపారి గిడ్డంగులే అవుతాయి.

నా ఫ్రీజర్లో ఇప్పుడు ఎనిమిది ఆకుపచ్చ పలకలున్నాయి. వాటి పక్కనే అమ్మ పంపిన టమోటా ఒరుగుల డబ్బా. ఆ టమోటాలు ఎవరివో వేరే చెప్పక్కర్లేదనుకుంటా.